భీమరాజు గారి తర్వాత ఆ తుపాకి

"తలుపు తీయకే చిన్నారీ, తుపాకి పిలిచిందీ... చీకటింట రాజు లేడు, చెయ్యెవరిదమ్మా..."

తర్వాతి చరణం ఎంత తలుచుకున్నా రావడం లేదు. పెద్దాపురం దగ్గర మా ఊళ్ళో పిల్లలం పాడుకునేవాళ్ళం. భీమరాజు గారి లోగిలి మీద కట్టిన పాట అది.

పొద్దు వాలాక అటు ఎవరూ నడిచేవారు కాదు. రాజుగారు పిల్లలు లేకుండానే చనిపోయారు. ఆయన భార్య పాపాయమ్మ గారు తెరల బండిలో పుట్టింటికి వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ. అయినా ప్రతి అమావాస్యకీ లోపల తుపాకి పేలేది... ఒక్కసారే.

మా పెదనాన్న రాజరత్నం రాజమండ్రిలో ఒక దొర దగ్గర గుమాస్తా. ఆ దొరకి పాత తుపాకుల పిచ్చి. కొనేముందు అది ఎవరు చేయించారో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో, పేర్లన్నీ రాసి తెమ్మనేవాడు. వెండికట్ల తుపాకి ఒకటి ఈ ఊళ్ళో ఉందని విని పెదనాన్నని పంపాడు. చేయించింది పెద్దిరాజు గారు. తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు భీమరాజు గారు. మరి ఆయన తర్వాత?

"దెయ్యాన్నడిగి రాసుకోవోయ్! ఇల్లు కూడా దానిదే," అని నవ్వారట, ఆస్తి మీద కన్నేసిన రాజుగారి పాలివాళ్ళు.

పేరు లేకుండా వస్తే ఉద్యోగం ఉండదన్నాడు దొర. పెదనాన్న అమావాస్య రాత్రి ఒక్కడే వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నాడు.

ఢాం!

చేతిలో లాంతరు జారి ఆరిపోయింది. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా నోటికి రాలేదట. తలుపు వెనక... గాజుల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది.

"ఎ... ఎవరండీ?"

"మీరెవరు బాబూ?" సన్నటి ఆడగొంతు.

"ఆయ్... దొరగారి గుమాస్తానండి. తుపాకి ఎవరిదో రాసుకోవాలండి."

ఊపిరి తలుపుకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది. తర్వాత—

"నాది. నేను పాపాయమ్మని. పెరటి దారిన గింజలు తెచ్చిపెట్టే బుల్లెమ్మ పోయాక, మనిషి గొంతు వినడం ఇదే బాబూ."

పరాయి మగవాళ్ళ కంటపడని ఘోషా వాళ్ళ బండి తెర ఎత్తి చూసేదెవరు? ఆ రోజు వెళ్ళింది ఖాళీ బండి!

"నేనున్నానని తెలిస్తే పాలివాళ్ళు నన్ను బతకనివ్వరు. దెయ్యం ఉందంటే గడప తొక్కరు. నా పేరు రాస్తే నేను పోతాను... రాయకపోతే దిక్కులేనిదని తుపాకి పట్టుకుపోతారు. ఇంక మీ ఇష్టం."

పెదనాన్న ఏం రాశాడంటే— "భీమరాజు గారి తర్వాత ఆ తుపాకి గోదావరి వరదలో పోయింది."

దొర ఆ కాగితం చింపేశాడు, ఉద్యోగమూ తీసేశాడు.

ఆయన చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అందరూ పోయారు, నాకూ నాలుగక్షరాలు వచ్చాయి కనుక రాస్తున్నాను. నా చిన్నప్పుడు ఆయన జ్వరంతో మంచం పట్టి, నన్నొక్కదాన్నే దగ్గరికి పిలిచి చెప్పాడు. చెప్పడం అయ్యాక మంచం కిందికి చూపించి అన్నాడు—

"ఈ నెల బియ్యం మూట ఆవిడ పెరటి గడప మీద పెట్టి రావే, అమ్మడూ... పెట్టేసి పరిగెత్తుకు రాకు. కాసేపు కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడు."