మేత చూసొచ్చే మనిషి

"ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావు?"

టేబుల్ అవతల కూర్చున్న ప్రియదర్శిని గంభీరంగా అడిగింది. మార్కాపురం డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ వాళ్లకు మాక్ ఇంటర్వ్యూలు. ఇద్దరూ ఒకే క్లాసు. ఆ పూటకు ఆమె ఆఫీసర్, మన ఆదిశేషు అభ్యర్థి.

"వానను బట్టి ఉంటాది మేడం."

క్లాసంతా గొల్లున నవ్వింది. తనను ఆటపట్టిస్తున్నాడనుకుని ప్రియదర్శిని ముఖం ఎర్రబడింది.

"రిజెక్టెడ్," అనేసింది.

పాపం, వాడు జోక్ వెయ్యలేదు. పుల్లలచెరువు ఊరి అవతల గొర్రెలు కాసే ఇల్లు వాళ్లది. వానలు ముఖం చాటేస్తే అమ్మా నాయనా మందను తోలుకుని మేత ఉన్న దిక్కుకు పోతారు. నెలల తరబడి ఇంటికి తాళమే. సెలవొస్తే హాస్టలంతా ఊళ్లకు పోయేది. వీడికీ ఊరుంది గానీ తలుపు తీసేవాళ్లు లేరు. ఖాళీ హాస్టల్లో కుళాయి చుక్కల చప్పుడు వింటూ పడుకునేవాడు. ఆ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. గేటు పక్క టీ బంకు రేకు కింద ఇద్దరూ చిక్కుకున్నారు.

"ఏంది, అందరి ముందర నన్ను అట్ల నవ్వులపాలు చేసినావు?"

"నిజమే చెప్పినా. మా ఇంట్లో ఎవరూ ఐదేళ్ల మాట ఎత్తరు. ముందు ఒక మనిషి పోయి మేత, నీళ్లు చూసొస్తాడు. ఉన్నాయంటేనే మంద కదుల్తాది."

"మరి నీకెవరున్నారు, ముందు పోయి చూసేదానికి?"

"ఎవరూ లేరు," అన్నాడు నవ్వుతూనే.

ఆమె కోపం చేతిలో టీ కంటే ముందే చల్లారింది.

"మా నాయన బడిపిల్లల రాతిపలకలు కోస్తాడు. కొనేవాళ్లు తగ్గిపోయినారు. ఆయన కూడా ఐదేళ్ల మాట ఎత్తడులే," అంది మెల్లగా.

అప్పటినుంచి రోజూ ఆ రేకు కిందే ఇంటర్వ్యూ. ఆమె ప్రశ్నలడిగేది, వీడు తడబడేవాడు, టీ మాత్రం ఇద్దరికీ బాగుండేది.

పరీక్షలయ్యాక ప్రియదర్శినికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. వీడికి రాలేదు. బస్టాండుకు పోయాడు గానీ చెప్పాలనుకున్న మాట గొంతు దాటలేదు.

"జాగ్రత్త," అన్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

బస్సు వెళ్లిపోయింది. వీడు మార్కాపురంలోనే సెల్‌ఫోన్ల దుకాణంలో కుదిరి, ఒక చిన్న గదిలో చేరాడు. ఆమె ఫోన్ చెయ్యలేదు. వీడూ చెయ్యలేదు. సరైన ఉద్యోగం లేనివాడు ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? వారాలు గడిచాయి. దుకాణం మూసే ఆదివారం మాత్రం ఎంతకీ గడిచేది కాదు.

అలాంటి ఒక ఆదివారం ఫోన్ మోగింది.

"ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా? ఈ ఆదివారాలు గడవక చస్తన్నా," అన్నాడు.

"మేత చూడకుండా కబురు పెడతారా ఎవరన్నా? ఇప్పుడు చూసినా. మా ఆఫీసులో మనుషుల్ని తీసుకుంటున్నారు. గదులు ఇరుకు, నీళ్లు ఉప్పన. అయినా బతకొచ్చు. మందను తోలుకొని రా."

ఆదిశేషు చాప మీంచి లేచి కూర్చున్నాడు.

"నా మందలో నేనొక్కణ్ణే గదా."

"ఇద్దరమవుదాం."

ఆదిశేషు గోడకు తగిలించిన సంచీ అందుకున్నాడు.

"ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావని మళ్లీ అడిగితే ఏం చెప్పాల?"

"వాళ్లకేమన్నా చెప్పుకో. నాకు మాత్రం నా దగ్గరే అని చెప్పు." ఆమె గొంతు తగ్గించింది. "నాకూ ఇక్కడ ఆదివారాలు గడవడం లేదు, శేషూ."

"శనివారం బస్సెక్కుతా," అన్నాడు.