షాహ్‌దరా సమాధిలో నీలపు రేక

లాహోరులో డిటెక్టివ్ సఫూరా కిర్మానీ ఇంటికి ఇర్తిజా పరుగున వచ్చాడు. షాహ్‌దరాలోని జహంగీర్ చక్రవర్తి సమాధికి మరమ్మతులు చేయిస్తున్నది అతడే.

"సమాధి పాలరాతిలో పొదిగిన పువ్వులో నీలపు రాతిరేక ఒకటి పోయింది బీబీ. కాపలాదారు గుల్‌షేర్ చాచాను పోలీసులు పట్టుకుపోయారు. ఆయన దొంగ కాదు. ఎలాగైనా విడిపించండి."

"నీకంత నమ్మకమేమిటి?"

"చిన్నప్పటి నుంచీ తెలుసు," అన్నాడు తల దించుకుని.

సఫూరా తన సహాయకుడు వకార్‌తో ముందు ఠాణాకు వెళ్లింది.

"ఆ రోజు వింతగా ఏమైనా కనిపించిందా చాచా?"

"కనిపించలేదు బేటీ, కంపు కొట్టింది! మురిగిన గుడ్ల కంపు. కాలువ పొంగిందన్నాడు ఇర్తిజా. టీ తాగి రమ్మని నన్ను పంపేశాడు."

సమాధి దగ్గర సఫూరా పాలరాతిని తడిమింది. అంతా నున్నగా ఉంది. రేక పోయిన చోటు చుట్టూ మాత్రం గరుకు. పక్క రేక అంచు తెల్లగా పాలిపోయింది. బయట కాలువ ఎండి నెర్రెలిచ్చింది.

"దొంగ ఉలి జారిందేమో మేడమ్," అన్నాడు వకార్.

"ఉలి గీత పెడుతుంది. రంగు తినెయ్యదు."

మర్నాడు ఆమె ఇన్‌స్పెక్టర్‌ను, గుల్‌షేర్‌ను, ఇర్తిజాను సమాధి దగ్గరే కూర్చోబెట్టింది.

"ఇక్కడ దొంగతనం జరగలేదు. మరక పోగొట్టాలని ఎవరో తొందరపడి యాసిడ్ పోశారు. పాలరాయి గరుకెక్కింది. ఈ నీలపు రాయికి యాసిడ్ తగిలితే మురిగిన గుడ్ల కంపు వస్తుంది. పాడైన రేకను పెకలించి, నేరం దొంగ మీదికి నెట్టారు."

"ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లేని కాలువ కంపు చెప్పి చాచాను బయటికి పంపినవాడు."

వకార్ నోరు తెరిచాడు. "మనల్ని పిలిచిందే ఇతను కదా!"

"ఒప్పుకునే ధైర్యం లేక, తనను పట్టుకునే మనిషిని వెతుక్కున్నాడు."

ఇర్తిజా గుల్‌షేర్ కాళ్ల దగ్గరికి జరిగాడు. జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. పాలిపోయిన రేక. "పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారని తొందరపడ్డాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ పూట నుంచీ అన్నం సయించడం లేదు. క్షమించు చాచా."

గుల్‌షేర్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "దొంగోడి మనవరాలని పిల్లలు మా చిన్నదాన్ని ఆటకు రానివ్వట్లేదురా. నాకెందుకు చెప్తావ్? మా వీధిలో చెప్పు."

ఇర్తిజా లేచి సంకెళ్ల కోసం ఇన్‌స్పెక్టర్ ముందు రెండు చేతులూ చాపాడు.

"ఠాణాకు వాళ్ల వీధిలోంచి నడిపించుకెళ్తారా సార్?"