ఇద్దరు వెళ్లి ఒకరు వస్తే

పక్షులకు లెక్క రాదు. పిట్టల్ని చూడ్డానికి తిరిగేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. పిట్టపిల్లలున్న చోట గుడ్డ డేరా వేసి ఒక్కడే లోపలికి దూరితే, పెద్దపిట్ట గంటల తరబడి దిగదు. అదే ఇద్దరు కలిసి వెళ్లి, ఒకడు లోపలే ఉండిపోయి, రెండోవాడు బయటికొచ్చి వెళ్లిపోతే డేరా ఖాళీ అయిందనుకుంటుంది. నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ రోజు ఎడారిలో, వెళ్లిపోవలసిన ఆ రెండోవాణ్ణి నేను.

లోపల ఉండిపోయినవాడు మా బావ. బడిలో డ్రాయింగ్ మాస్టారు. ఆరో తరగతి నుంచీ నా స్నేహితుడే, మా చెల్లిని చేసుకున్నాక బావ అయ్యాడు. మంచివాడే, నోరే మంచిది కాదు. నాకు కళ్లజోళ్ల షాపుంది. అంతకుముందు నెల నేనేదో గద్దని చూసి డేగ అన్నానని, పదిమందిలో "ముందు మా బావ కళ్లు పరీక్ష చేయించండర్రా" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడవలేక నవ్వడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

బయల్దేరేటప్పుడు చెల్లి నన్ను పక్కకి పిలిచింది. "అన్నయ్యా, ఆయనకి ఎండ పడదు. పిట్ట కనబడితే ఒళ్లు తెలీదు. నీళ్ల సంగతి నువ్వే చూసుకో" అంది.

తెల్లవారుతుండగా రోడ్డు చివర కారు ఆపి, ఇసుకలో గంటసేపు నడిచాం. అక్కడ ఇసుకరంగు పావురంలాంటి పిట్ట ఒకటి పిల్లల్ని చేసింది. ఆ మగపిట్ట ఎక్కడో నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని, మైళ్లకు మైళ్లు ఎగిరొచ్చి, ఆ తడితోనే పిల్లల దాహం తీరుస్తుంది. బావకి అది ఫోటో తియ్యాలి.

"తొమ్మిదింటికి వచ్చేస్తా. అంతదాకా బయటికి రాకు, వస్తే ఇక దిగదు" అన్నాను.

"నీళ్లు?"

"బ్యాగులో పెట్టా."

పెట్టలేదు. రెండు సీసాలూ నా భుజానే ఉన్నాయి. మర్చిపోయానని ఎవరికైనా చెప్పొచ్చు. మర్చిపోలేదు. కాసేపు ఎండితే ఆ నోరు కాస్త అదుపులోకొస్తుందనుకున్నాను, అంతే.

కారు దగ్గరికి వచ్చేసరికి జేబులో వాకీటాకీ సెట్టు గరగరలాడింది. రెండోది బావ దగ్గరుంది.

"బావా, బ్యాగులో నీళ్లు లేవురా."

"అయ్యో, తెస్తున్నా" అన్నాను. వెళ్లలేదు.

పదింటికి మళ్లీ. "నాలుక పిడచకట్టుకుపోతోందిరా..." సెట్టు కట్టేసి, సీటు వెనక్కి వాల్చాను. ఇంకో పావుగంట చూద్దామనుకున్నా. కళ్లు తెరిచేసరికి ఒంటిగంట.

సీసాలు పట్టుకుని పరుగెత్తాను. గాలి లేదు. చప్పుడు లేదు. సగం దారిలో... బావ ఎదురొస్తున్నాడు. చొక్కా నలగలేదు. పెదాలు పగల్లేదు. చెమట చుక్క లేదు.

హమ్మయ్య అనుకుని సీసా అందించాను. తీసుకోలేదు.

"దాహం లేదు" అన్నాడు. తల పక్కకి తిప్పి, ఒంటికంటితో నన్ను చూశాడు.

ఒక్క తిట్టు తిట్టలేదు. బావ తిట్టకుండా ఉండడమా! అక్కడే అర్థం కావలసింది. మనిషి ఎదురుగా ఉన్నాక డేరా దాకా ఎందుకు వెళతాను? వెనక్కి తిరిగాం. అతని దగ్గర తడిసిన ఈకల వాసన వేస్తోంది.

కారు స్టార్ట్ చేశాను. అతను చెయ్యి చాపి, నా జేబులోని సెట్టు మీట తిప్పాడు.

"...బావా... నువ్వు చెప్పినట్టే బయటికి రాలేదురా... వస్తున్నావా..."

పక్కవాడు మెల్లగా నవ్వాడు.

"ఇద్దరం వెళ్లాం. ఇద్దరం వస్తున్నాం. ఇంకెవరు మిగిలారు బావా?"

నా కాలు బ్రేకు మీదికి పోలేదు. ఇప్పటికీ అదే అడుగుతుంటాను నన్ను నేను, ఎందుకు పోలేదని. కారు కదిలింది.

"...మీ చెల్లికి చెప్పకురా... కంగారు పడుతుంది..."

ఐదు కిలోమీటర్లు దాటితే ఆ సెట్లు పలకవు. దాటేశాం.

"ఎండకి నల్లబడకుండా తీసుకొచ్చావే!" అని చెల్లి మురిసిపోయింది. చెప్పాలంటే సీసాల సంగతి కూడా చెప్పాలి. నోరు మూసుకున్నాను. మూడోనాడు ఒక్కణ్ణే వెళ్లాను. డేరా జిప్పు లోపలినుంచి వేసే ఉంది. పిలిచాను. తియ్యడానికి చెయ్యి రాలేదు. వచ్చేశాను. ఇంటికొచ్చి సెట్టులో బ్యాటరీలు పీకి పారేశాను, కానీ ఎందుకో సెట్టుని మాత్రం జేబులోంచి తియ్యలేకపోయాను.

నెల తర్వాత చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, రేపు ఆయన నన్ను పిట్టల దగ్గరికి తీసుకెళతారట. డేరాలో నన్నే కూర్చోబెడతారట!"

"వద్దు" అన్నాను.

"ఎందుకూ?"

చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. సీసాలు గుర్తొచ్చాయి.

"ఎండగా ఉంటుందమ్మా... నీళ్లు పట్టుకెళ్లు."

"ఆయన తెస్తారులే" అని నవ్వింది.

మర్నాడు సాయంత్రం వాళ్లింటికి పరుగెత్తాను. తలుపు చెల్లే తీసింది. ఒంటి మీద ఇసుక రేణువు లేదు.

"తిరిగొచ్చేశావా తల్లీ..." అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు. నీళ్లు కావాలా అని అడిగాను.

"దాహం లేదు" అంది. తల పక్కకి తిప్పి, ఒంటికంటితో నన్ను చూసింది.

బ్యాటరీలు లేని సెట్టు జేబులో గరగరలాడింది.

"అన్నయ్యా... ఆయన ఇక్కడే ఉన్నారు... నీళ్లు అడుగుతున్నారు..."