నూకాలమ్మ పరీక్ష

1957లో నేను ముసలివాళ్ళ బలహీనత మీద పరిశోధన చేసేవాణ్ణి. మండవల్లి దాటి, తాటి దోనె మీద కొల్లేటి లంకలకు వెళ్ళేవాణ్ణి. స్ప్రింగు నొక్కించి చేతిపట్టు చూడడం, పది అడుగులు నడిపించడం, నాలుగు ప్రశ్నలడిగి మతి ఏపాటిదో కార్డు మీద రాయడం నా పని. చదువుకున్నవాణ్ణన్న పొగరు కాస్త ఎక్కువే ఉండేది.

నూకాలమ్మకి డెబ్భై దాటాయి. స్ప్రింగుని, ముల్లు చివరిదాకా పోయేలా నొక్కింది. తారీఖు అడిగాను.

"పడమటి గాలి తిరిగి మూడో రోజండి."

"ఏ నెల?"

"కొరమేను పిల్లల్ని తిప్పుకునే నెలండి."

వెనక నుంచి ఆమె మరిది కొడుకు పోలయ్య అందుకున్నాడు. "మా పెద్దమ్మకి మతి లేదండి. రాసేసుకోండి."

రాసేశాను. అడిగితే నకలు కూడా ఇచ్చాను.

తరవాత తెలిసింది. ఆ నకలు చూపించి పోలయ్య ఆమె దోనె లాక్కున్నాడు. మతిలేనిది నీళ్ళలో పడుతుందంటూ ఆమెని రాటకి కట్టేశాడు. ఆశ్వయుజంలో కొల్లేరు పొంగితే అందరూ గట్టెక్కారు, ఆమె కట్టు ఎవరూ విప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు ఆ కార్డు.

ఇదేదీ తెలియకే మార్గశిరంలో రెండో పరీక్షకి వెళ్ళాను. ఎనిమిదైనా మంచు విడలేదు. తుంగ కుళ్ళిన వాసన. నూకాలమ్మ అరుగు మీద ఒక్కతే కూచునుంది. చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఈసారి నేనడుగుతానండి," అంది మెల్లగా. "ఇవాళ ఏ తారీఖండి?"

నవ్వబోయాను. తారీఖు... నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏ నెలండి?"

తెలీలేదు...

"పోనీ, మీ పేరండి?"

పెదవులు కదిలాయి. మాట లేదు. భయమేసింది. లేవబోతే కాళ్ళు లేవలేదు. చల్లటి చెయ్యి నా కుడిచేతిని పట్టుకుంది. నొక్కింది. ఇంకా నొక్కింది...

"మతి లేదని రాసేసుకోనా అండీ?"

దోనెవాడు వచ్చేసరికి అరుగు మీద నేనొక్కణ్ణే ఉన్నానట.

ఇప్పుడు ఏలూరులో మా ఇంట్లో ఉన్నాను. లోపల అన్నీ తెలుసు, బయటికి రావు. ఎవరేమడిగినా అన్నయ్యే జవాబు చెబుతాడు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. పిచ్చిగీతలంటున్నారు.

మొన్న డాక్టరు నా కుడిచెయ్యి తిప్పి చూసి, "మీ ఇంట్లో చేపలు తోముతారా?" అన్నాడు గుసగుసగా.

"మేం ముట్టమండి," అన్నాడు అన్నయ్య.

డాక్టరు నా గోరు కింద నుంచి పొలుసొకటి తీసి వెలుగులో పెట్టాడు. అది ఇంకా తడిగానే ఉంది.