ఏప్రన్ జేబులో ఐదు తూటాలు

రాయ్ టిడ్వెల్‌ని మంగళవారం ఉదయం పది గంటలకు, హంట్స్‌విల్ కూరగాయల బజారు ముందు, పార్కింగ్ స్థలంలో కాల్చి చంపారు. చేతిలో పీచ్ పళ్ల సంచి. ఒంటి మీద జులై ఎండకు తగ్గ పల్చటి చొక్కా. అతని సర్వీస్ పిస్టల్ మాత్రం కారు డాష్‌బోర్డు అరలో, తాళం వెనక, భద్రంగా ఉంది. మనిషి పడ్డ చోటికీ కారుకీ మధ్య పదకొండు అంగలు.

రాయ్ ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ గూఢచారి. క్షిపణికి దారి చూపే యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ నెస్మిత్‌ని కంటికి రెప్పలా కాయడం అతని డ్యూటీ. మధ్యాహ్నానికల్లా ఆ డ్యూటీ ఇమొజీన్ టేట్‌కి వచ్చింది.

ఇమొజీన్‌కి యాభై నాలుగేళ్లు. ఐదడుగుల రెండంగుళాల మనిషి. ఎక్కడ నిలబెట్టినా ఎవరో ఒకరి పిన్నిలా కనిపిస్తుంది. ఆ రూపంతోనే ఇరవై ఆరేళ్లలో నాలుగు ముఠాలను పట్టించింది. ఇప్పుడు ఆఫీసుకి పెద్దగా ఉన్న గార్లండ్ విట్ ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. అందుకే కుర్చీ మారినా పిలుపులు మారలేదు. అతను ఇప్పటికీ మేడమ్ అంటాడు, ఆమె ఇప్పటికీ నువ్వు అంటుంది.

గార్లండ్ క్లుప్తంగా చెప్పాడు. విదేశీ ముఠా నెస్మిత్‌ని ప్రాణాలతో ఎత్తుకుపోవాలని చూస్తోంది. వచ్చే శనివారం కాక ఆపై శనివారం, మధ్యాహ్నం, చర్చి హాల్లో ఆయన రిటైర్‌మెంట్ విందు ఉంది. ఏదైనా జరిగితే అక్కడే. ఈ సమాచారం ఇచ్చింది సెలీన్ ఫోర్టియే. ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే అందగత్తె. ముఠాకి నమ్మిన మనిషిగా తిరుగుతూ ఏడాదిగా వాళ్ల గుట్టు మనకి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ఇమొజీన్ వంటింటి ఆడవాళ్లలో కలిసిపోవాలి. సెలీన్ వచ్చి క్యాబేజీ సలాడ్‌లో వెనిగర్ వేశారా అని అడిగితే అంతా క్షేమం. సెలరీ గింజలు వేశారా అని అడిగితే ప్రమాదం. చెవిటి మిషన్‌లా కనిపించే రేడియో ఒకటి చెవిలో ఉంటుంది.

చివరగా అతను సొరుగు తెరిచి ఆఫీసు పిస్టల్ బల్ల మీద పెట్టాడు. నల్లటిది, పెద్దది, పదిహేడు తూటాలది.

"ఇది నేను మొయ్యను," అంది ఇమొజీన్.

"రూల్ అది మేడమ్. రాయ్ పోయాక ఇంకా గట్టిగా పెట్టారు. అందరూ ఇదే మొయ్యాలి."

"రాయ్‌కీ ఇదే ఇచ్చారు గార్లండ్. ఎండల్లో దీన్ని చొక్కా కింద దాచలేక కారులో పెట్టుకుని తిరిగాడు. మనిషిని చంపింది వాళ్లే. కానీ ఆ పదకొండు అంగలు మాత్రం మనం పెట్టాం."

 పిస్టల్‌ని అక్కడే వదిలేసి ఆమె లేచి వచ్చేసింది.

నేరుగా ఓపల్ హార్‌గ్రోవ్ దుకాణానికి వెళ్లింది. ఓపల్‌కి డెబ్భై నాలుగు. షెరిఫ్ దగ్గర పోలీసుగా ముప్ఫై ఏళ్లు పనిచేసి, రిటైరై, తుపాకులు అమ్ముతూ ఆడవాళ్లకి కాల్చడం నేర్పుతోంది. ఇమొజీన్ అద్దాల పెట్టె మీదికి వంగి ఏది మంచిదని అడిగితే, ఓపల్ అసలు పెట్టె తెరవలేదు. ముందు పై అరలోని డబ్బా అందుకోమంది. కింద పడ్డ పెన్ను తియ్యమంది. కారులో కూర్చుని బెల్టు పెట్టుకోమంది. ఆ తర్వాత, రోజూ ఏం బట్టలు వేసుకుంటావు, ఎన్ని గంటలు నిలబడతావు, కౌగిలించుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు అని వరసగా అడిగింది.

"తుపాకీ కొనడానికి వచ్చానా, పెళ్లిచూపులకి వచ్చానా?"

"రెంటికీ తేడా లేదు పిల్లా. నచ్చినదాన్ని కాదు, రోజూ భరించగలిగేదాన్ని చూసుకోవాలి."

మొదట బుల్లి పిస్టల్ ఒకటి ప్రయత్నించారు. అరచేతిలో ఇమిడిపోయింది గానీ దాని పైభాగం వెనక్కి లాగాలంటే ఇమొజీన్ వల్ల కాలేదు. ఐదేళ్ల కిందట విరిగిన కుడి మణికట్టు ఒప్పుకోలేదు. కాస్త పెద్దది సులువుగా పేలింది, కానీ నడుముకి పెట్టుకుంటే గౌను మీద కణితిలా తేలింది. ఈకలా తేలికైన రివాల్వర్ ఇచ్చింది ఓపల్. ఐదు గుళ్లు పేల్చేసరికి ఇమొజీన్ చెయ్యి మొద్దుబారిపోయింది. మోయడానికి సుఖమైనది కాల్చడానికి నరకమని, రెండోసారి ముట్టుకోబుద్ధి కాని తుపాకీ ఇంట్లోనే ఉండిపోతుందని ఓపల్ చెప్పింది.

రెండు గంటల తర్వాత తేలింది. ఉక్కు రివాల్వర్, పొట్టి గొట్టం, ఐదు గుళ్లు. కాస్త బరువే. ఆ బరువే దెబ్బని మింగుతుంది. తూటాని కొట్టే సుత్తి లోపలికి దాగి ఉంటుంది కాబట్టి జేబులో ఎక్కడా చిక్కుకోదు. జేబులోనే పట్టే తోలు తొడుగు, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేది, దాంతోపాటు ఇచ్చింది. ఆ జేబులో ఇంకేమీ పెట్టకూడదు, తాళంచెవి కూడా.

"ఇంకొక్కటి," అంది ఓపల్. "ఎవరి మీద గురిపెడుతున్నావో చూడటం అందరూ చూస్తారు. వాడి వెనకాల ఎవరున్నారో కూడా చూడు."

ఐదు గుళ్లు ఏం సరిపోతాయని గార్లండ్ ఫోన్‌లో గొణిగాడు. చేతిలో ఉన్న ఐదు, కారులో ఉన్న పదిహేడుకంటే ఎక్కువని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ పది రోజులూ రివాల్వర్‌ని వదల్లేదు. చర్చికి మోసింది, బజారుకి మోసింది, మెత్తటి బిస్కట్ రొట్టెలూ గ్రేవీ తినడానికి హోటలుకి మోసింది. రోజూ ఉదయం ఓపల్ దగ్గర యాభై గుళ్లు పేల్చింది. ఒకరోజు పార్కింగ్‌లో ఎవడో అడ్డంగా దూరి ఆమె చోటు లాక్కుని, పైగా నోటికొచ్చినట్టు తిట్టాడు. మామూలుగా అయితే వాడికి రెండు తగిలించి పంపేది. ఆ రోజు నోరు మూసుకుని పక్కకి తప్పుకుంది. జేబులో అది ఉన్నప్పుడు ఏ చిన్న గొడవా చిన్నదిగా ఉండదని ఆమెకి తెలిసొచ్చింది. ఆ ఓర్పు దానికంటే బరువుగా ఉంది.

శనివారం వచ్చింది. చర్చి వంటింట్లో ఆరుగురు ఆడవాళ్లు చేపలు వేయిస్తున్నారు. ఇమొజీన్ చెక్స్ గౌను మీద పెద్ద జేబుల ఏప్రన్ కట్టుకుని క్యాబేజీ కలుపుతోంది. పన్నెండుకి పది నిమిషాలుండగా సెలీన్ ఫోర్టియే లోపలికి వచ్చింది. తెల్ల దుస్తులు, ముత్యాలు, వంటింటి నూనె వాసనని కూడా ఓడించే సెంటు. "ఎన్నాళ్లయింది అక్కా!" అంటూ ఇమొజీన్‌ని వాటేసుకుంది.

హంట్స్‌విల్‌లో ఆడవాళ్ల కౌగిలి భుజాలు తగలడం, వీపు మీద రెండు తట్లు, అంతే. సెలీన్ చేతులు నడుముకి రెండు వైపులా దిగాయి. వెన్ను కిందికి జారాయి. చంకల దగ్గర ఒక్క క్షణం ఆగాయి. ఏమీ దొరకలేదు.

"క్యాబేజీలో వెనిగర్ వేశారా అక్కా?" అని నవ్వింది. అంతా క్షేమం.

"వేశాం," అంది ఇమొజీన్.  రాయ్ దగ్గర తుపాకీ ఉండదని ఎవరు కనిపెట్టి చెప్పారో ఆ క్షణాన అర్థమైంది.

సెలీన్ హాల్లోకి వెళ్లగానే ఇమొజీన్ చెవి దగ్గర మీట నొక్కి, సెలీన్ నిజంగా ముఠా మనిషేనని చెప్పింది. గార్లండ్ ఆధారం అడిగాడు.

"కౌగిలించుకోలేదు గార్లండ్. సోదా చేసింది."

రోడ్డు మీద మనవాళ్లు కాపలా ఉన్నారని, తను చెప్పేదాకా వంటింట్లోంచి కదలొద్దని గార్లండ్ ఆర్డర్ వేశాడు. ఇమొజీన్ చెవిలోంచి ఆ మిషన్ పీకి ఉల్లిపాయల గిన్నెలో పడేసి, చేపల పళ్లెం పట్టుకుని హాల్లోకి నడిచింది.

అప్పటికే ఆలస్యమైంది. నెస్మిత్ పక్కన సెలీన్ టీ జగ్గుతో నిలబడి ఉంది. ఆయన గ్లాసు సగం ఖాళీ. చూస్తుండగానే ఆయన తల ముందుకి వాలిపోయింది. భార్య లుయెల్లా కేక వేసింది. ఆ కేక ఆగకముందే హాలు తలుపులు తెరుచుకుని, స్ట్రెచర్ తోసుకుంటూ ఇద్దరు అంబులెన్స్ మనుషులు వచ్చారు. రోడ్డు మీది కాపలావాళ్లు అంబులెన్స్ కదా అని దారిచ్చేశారు.

క్షణాల్లో ఆయన్ని స్ట్రెచర్ మీదికి ఎత్తారు. తలుపు వైపు తిరిగేసరికి, పళ్లెం వదిలేసి వచ్చిన ఇమొజీన్ గుమ్మంలో ఉంది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అంది.

"తప్పుకోండమ్మా, ప్రాణం మీదికొచ్చింది," అన్నాడు ముందున్న పొడుగువాడు.

"ఇంకా ఎవరూ ఫోన్ చెయ్యలేదు బాబూ. ఎవరు పిలిచారు?"

 "దాని దగ్గర ఏమీ లేదు, నెట్టేసి పదండి," అంది సెలీన్, అక్క అనే పిలుపు మానేసి.

పొడుగువాడి చెయ్యి జాకెట్‌లోకి వెళ్లింది. ఇమొజీన్ చెయ్యి ఎప్పుడో ఏప్రన్ జేబులోకి వెళ్లి తొడుగులోంచి రివాల్వర్‌ని విడిపించింది. కానీ వాడి వెనకాల బల్ల దగ్గర లుయెల్లా నిలబడి ఉంది. ఇమొజీన్ కాల్చలేదు. ఎడమకి ఒక అడుగు వేసింది. వాడి తుపాకీ బయటికొచ్చింది. ఇంకో అడుగు వేసింది. ఇప్పుడు వాడి వెనక ఇటుక గోడ తప్ప ఏమీ లేదు. జేబులోంచే పేల్చింది.

వాడు తుంటి పట్టుకుని కూలాడు. తుపాకీ నేల మీద జారిపోయింది. ఏప్రన్‌కి పడిన చిల్లు చుట్టూ పొగ. రెండోవాడు అడక్కుండానే చేతులెత్తాడు. సెలీన్ వంటింటి వైపు పరుగెత్తింది. ఆ గుమ్మంలో ఆరుగురు ఆడవాళ్లు, చేతుల్లో వేడి పెనాలతో నిలబడి ఉన్నారు. ఆమె ఆగిపోయింది.

సాయంత్రం ఇమొజీన్ ఆఫీసుకి వెళ్లింది. పొడుగువాడు బతుకుతాడా అని రెండుసార్లు అడిగింది. బతుకుతాడన్నారు. అప్పుడు సెలీన్‌ని కూర్చోబెట్టిన గదిలోకి వెళ్లింది.

"ఎక్కడ దాచావు? అంతా చూశానే," అంది సెలీన్.

"రాయ్‌ని కూడా ఇలాగే కౌగిలించుకున్నావా?"

సెలీన్ మెడలోని ముత్యాలు సర్దుకుంది.  ఆ రోజు రాయ్ చేతిలోని పీచ్ పళ్లు అతను తన కూతురి కోసం కొన్నవని చెప్పి ఇమొజీన్ బయటికి వచ్చేసింది.

ఆదివారం ఆసుపత్రి నుంచి డాక్టర్ నెస్మిత్ ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాడు. కాస్త సిగ్గుపడుతూ, టీలో ఏదో తేడా ఉందని మొదటి గుటకలోనే తనకి తెలిసిందని కూడా చెప్పాడు. చేదుగా ఉందట.

"మరి ఎందుకు తాగారు?"

"ఆవిడ అంత ప్రేమగా పోసింది. బాలేదంటే బాగుండదని."

 దేశ రహస్యాలన్నీ కడుపులో దాచుకున్న మనిషి, మొహమాటాన్ని మాత్రం దాటలేకపోయాడు.

"డాక్టర్ గారూ," అంది ఇమొజీన్, "తుపాకీ సంగతి మేం చూసుకుంటాం. మీరు బాలేదనడం నేర్చుకోండి."