పడగ నీడ

ఫ్రేమ్ ఉంది. బొమ్మ లేదు.

1982 జనవరి. అమెరికాలో నోవై ఊరి దగ్గర చిన్న గురుద్వారా. ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ యోగానంద్ బూట్లు విప్పి, తలకు రుమాలు కట్టుకుని లోపలికొచ్చాడు. పొద్దుటి నుంచి మంచులో డ్రైవింగ్. నడుము పట్టేసింది. ఎవరో అడక్కుండానే టీ గ్లాసు చేతిలో పెట్టారు.

పోయిన బొమ్మ గురునానక్ జీవితగాథల్లోది. ఎండలో నిద్రపోతున్న బాలుడి ముఖానికి నాగుపాము పడగ విప్పి నీడనిస్తోంది. వేసింది, ఎదురుగా కూర్చున్న డాక్టర్ అమ్రీక్ సింగ్ భార్య. ఆవిడ పోయి రెండేళ్లు.

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గర. ఇక్కడ పవిత్రగ్రంథం చదివే గురుదిత్ సింగ్ దగ్గర." డాక్టర్ గొంతు అలిసిపోయి ఉంది. "ఆయన నోరు విప్పడం లేదు. రేపు కమిటీ ఉద్యోగం తీసేస్తుంది. వీసా కూడా పోతుంది."

గురుదిత్ మూలన నిలబడి ఉన్నాడు.

"మీరే తీశారా భాయిసాబ్?"

"దొంగతనం చేయలేదు జీ."

"నేనడిగింది అది కాదు."



యోగానంద్ ఫ్రేమ్ వైపు చూశాడు. కుర్చీ మీద, ఉతికిన తెల్లగుడ్డ మడతపై ఉంది. బొమ్మ వేలాడిన గోడ తడిమాడు. చెమ్మ.

"పైపు పగిలిందా?"

"గురువారం. వంటగది పైపు. రిపేర్ చేయించాం," అన్నాడు డాక్టర్. "అయితే?"

"బొమ్మ కింద మీ ఆవిడ ఏమైనా రాశారా?"

"గురువాణి. మా పవిత్రగ్రంథంలోది, ఒక్క పంక్తి."

"పాడైపోయిన గ్రంథాలను ఏం చేస్తారు?"

"పారేయం. పైగదిలో పెట్టెలో ఉంచి, తర్వాత మర్యాదగా అగ్నికి ఇస్తాం." డాక్టర్ ఆగిపోయాడు. "పోలీసులు ఆ పెట్టె తెరవలేదు. నేనే వద్దన్నాను."

"దొంగ అయితే ఫ్రేమ్ నేల మీద పడేసి పోతాడు డాక్టర్ గారూ. గుడ్డ పరిచి పెట్టడు."

గురుదిత్ మెట్లెక్కాడు. తెల్లగుడ్డలో చుట్టినదాన్ని తల మీద పెట్టుకుని దిగాడు.

"గోడలోంచి నీళ్లు దిగాయి డాక్టర్ సాబ్. బీబీజీ వేసిన ముఖం కరిగిపోయింది. రోజూ దీని ఎదురుగానే కూర్చుంటారు మీరు. ఎవరో ఎత్తుకెళ్లారనుకుంటే, ఎక్కడో బాగానే ఉందనుకుంటారని..."

"మీ ఉద్యోగం పోయేది," అన్నాడు డాక్టర్.

"ఇంకోటి వెతుక్కునేవాణ్ని."

డాక్టర్ గుడ్డ విప్పాడు. బాలుడి ముఖం ఉన్నచోట నీలి మరక. పైన పాము మాత్రం పడగ దించలేదు.

యోగానంద్ చల్లారిన టీ తాగి, రుమాలు సవరించుకున్నాడు.

"కాల్చొద్దు," అన్నాడు డాక్టర్ చివరికి. "నా చోటికి ఎదురుగానే పెట్టండి గురుదిత్ జీ. పొడిగా ఉన్న గోడకి."