ప్రణయ్ జాకెట్

ఆ కారు ఆగాలి. ఆగడమే దాని ఉద్యోగం.

చెన్నూరు దాటాక గోదావరి వైపు ఉన్న టెస్ట్ ట్రాక్ మీద, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఇంజనీర్ ప్రణయ్ పచ్చ సేఫ్టీ జాకెట్ తొడుక్కుని కారుకు ఎదురుగా నవ్వుతూ నిలబడ్డాడు. మనిషి అడ్డం వస్తే డ్రైవర్ ప్రమేయం లేకుండా తనంతట తానే బ్రేకు వేసే ‘రక్షక్’ అనే సిస్టమ్ ఆ కారులో ఉంది. ప్లాస్టిక్ డమ్మీని నిలబెట్టినప్పుడల్లా బుద్ధిగా ఆగింది. ప్రణయ్ ముందు ఆగలేదు. కనీసం వేగం కూడా తగ్గించలేదు.

యాక్సిడెంట్ అన్నారు. ఇంజనీర్ అతివిశ్వాసమే కారణమని పేపర్లు రాశాయి. చచ్చినవాడి మీదికి తప్పు నెట్టడమంత సులువైన పని లోకంలో మరోటి లేదు.

కరీంనగర్‌లో ఒక టైర్ల షాపు మీది గదిలో మాత్రం ఆ మాట ఎవరూ నమ్మలేదు.

"మర్డర్," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ నాగయ్య. "ఫారిన్ ముఠా. కోడ్ నేమ్ ‘గ్లాస్’. రక్షక్ మార్కెట్‌లకు వస్తే వాళ్ల సరుకు కొనెటోడు ఉండడు."

ఏజెంట్ దశరథం ఎదురుగా కూర్చుని వింటున్నాడు. పెద్దపల్లి మనిషి. ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా నోరు విప్పడు.

"ప్రణయ్‌తోని కలిసి రక్షక్‌ను తయారు చేసింది కావ్య. ఎల్లుండి ఫారిన్ బయ్యర్ల ముందట ఆమెనే కారుకు ఎదురుంగ నిలబడ్తదట."

"ఆపలేమా సార్?"

"చెప్పి చూసిన. ఇంటలేదు. ‘నేను నిలబడకపోతే ప్రణయ్ తన తప్పుతోనే సచ్చిండంటరు’ అంటుంది. ఆమె బతకాలె దశరథం. గంతే నీ పని."

"లోపల మనోళ్లు?"

"హర్షిణి. కంపెనీల పీఆర్ ఆఫీసర్. మెట్‌పల్లి పిల్ల. పాస్‌వర్డ్, ‘పసుపు రేటెంత?’ జవాబు, ‘ఇంక తడి ఆరలే.’"

మర్నాడు దుబాయ్‌లో ట్రైలర్లు నడిపి వచ్చిన వెంకటి అనే డ్రైవర్ ట్రాక్‌లో చేరాడు. గుబురు మీసం, చేతికి బ్రేస్‌లెట్, జేబులో అత్తరు సీసా. మీసం అబద్ధం. సీసాలో ఉన్నది అత్తరు కాదు, స్కానర్.

హర్షిణి అందగత్తె. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పాస్‌వర్డ్ అందుకుని, అచ్చమైన మెట్‌పల్లి యాసలో "ఇంక తడి ఆరలే అన్నా" అంది. గ్యారేజీ తాళం ఆమే తెచ్చి ఇచ్చింది. దశరథం కారును బంపర్ నుంచి డిక్కీ దాకా స్కాన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ క్లీన్. కెమెరా క్లీన్. బ్రేకులు క్లీన్.

అదే అతనికి నచ్చలేదు. దొంగ దొరకని ఇల్లు దొంగ లేని ఇల్లు కాదు.

డెమో రోజు బయ్యర్లు షామియానా కింద కూర్చున్నారు. వాళ్లదొక షరతు. డ్రైవర్ దొంగచాటుగా బ్రేకు తొక్కకూడదు కాబట్టి పెడల్ కనెక్షన్ తీసేయాలి. స్టీరింగ్ కూడా కంప్యూటర్ చేతిలోనే ఉండాలి. సీట్లో మనిషి కనబడితే చాలు. దశరథం డమ్మీలాగే బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. దూరంగా ట్రాక్ మధ్యలో పచ్చ జాకెట్‌తో కావ్య నిలబడింది.

ఆమెకు కాస్త ఎడంగా, ట్రాక్ అంచున, డమ్మీలు నిలబెట్టే మల్లేష్ వాకీటాకీ పట్టుకుని ఉన్నాడు.

"వెంకటన్నా, జర పైలం," అంది కారులోని వాకీటాకీ. "గా జాగల మనిషి రక్తం పడ్డది. మైసమ్మకు కోడిని కోద్దామన్న. హర్షిణి మేడం వద్దన్నది. మెట్‌పల్లి పిల్లనట గని ఏం పద్ధతులో ఏమో! ప్రణయ్ సార్ బట్టలన్ని గంగల ఇడిసినం. జాకెట్ మాత్రం ఆమె ఇంటికి పట్కపోయింది. సచ్చినోని బట్ట ఎవలన్న ఇంట్ల పెట్టుకుంటరా?"

కారు కదిలింది.

దశరథానికి లెక్క అందింది. డమ్మీకి జాకెట్ లేదు, కారు ఆగింది. ప్రణయ్‌కు ఉంది, ఆగలేదు. తప్పు కారులో లేదు. మనిషిని గుర్తుపట్టకుండా కెమెరా కన్నుకు గంతలు కట్టే అచ్చు బొమ్మేదో ఆ జాకెట్ మీద ఉంది.

"మల్లన్నా! కావ్యకు ఆ జాకెట్ ఎవలిచ్చిన్రు?"

"మేడమే. పొద్దుగాల ఇచ్చింది."

"ఎన్కకు చూడు. చినిగిన కాడ కుట్టు ఉన్నదా?"

"ఉన్నది… ఓయమ్మో, ఇది ప్రణయ్ సార్‌దే!"

దశరథం పెడల్ తొక్కాడు. అది ఊడిన చెప్పులా ఊగింది. కారు వేగం పెరుగుతోంది.

"పక్కకు జరగమను!"

మల్లేష్ గొంతు చించుకున్నాడు. కావ్య అతని వైపు చూసి, ఫికర్ చేయొద్దన్నట్టు చెయ్యి ఊపింది. కదిలితే ప్రణయ్ మళ్లీ చచ్చినట్టే. ఆమె కదలదు. కెమెరా సంగతి, బొమ్మ సంగతి చెప్పి ఒప్పించే వ్యవధి లేదు.

"అది ప్రణయ్ జాకెట్ అని చెప్పు!" అరిచాడు దశరథం. "సచ్చినోని బట్ట అని చెప్పు!"

"కావ్యమ్మా! అది ప్రణయ్ సార్ సచ్చినప్పటి జాకెట్!"

ఆమె ఆలోచించలేదు. ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. జిప్పు పీకి, ఒంటి మీద పాము పడ్డట్టు జాకెట్‌ను విదిలించి దూరంగా విసిరేసింది.

అప్పుడు కారుకు ఆమె కనబడింది. టైర్లు కీచుమన్నాయి. బెల్టు దశరథం ఛాతీని కోసింది. బంపర్‌కూ ఆమె మోకాళ్లకూ మధ్య జానెడు జాగా కూడా మిగల్లేదు.

షామియానా కింద చప్పట్లు మోగాయి. జాకెట్ విసరడం కూడా షోలో భాగమే అనుకున్నారు వాళ్లు.

హర్షిణి గేటు దగ్గర దొరికింది. బేడీలు పడగానే మెట్‌పల్లి యాస మాయమైంది.

"అలాంటి జాకెట్ ఇంకొకటి తెప్పించే టైమ్ లేదు," అంది నింపాదిగా. "శుభ్రంగా ఉతికించాను, చిరుగు కుట్టించాను. ఎవరు పట్టించుకుంటారు అనుకున్నా."

"గ్లాసోళ్లు యాస మంచిగనే నేర్పిన్రు మేడం," అన్నాడు దశరథం. "చావు సంగతులు నేర్పలే."

కావ్య ట్రాక్ మీదే కూలబడి, రెండు చేతులనూ అదేపనిగా తుడుచుకుంటోంది. దశరథం ఆమెకు జరిగిందంతా చెప్పాడు.

"అయితే ఆ జాకెట్ లేకపోతే ప్రణయ్‌కు గూడ ఆగేటిదే కదన్నా?"

"ఆగేటిదే చెల్లె."

అప్పుడు ఏడ్చింది. చప్పట్లు కొట్టినవాళ్ల ముందే గుండెలు బాదుకుని ఏడ్చింది. దశరథం ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒకరిని బతికించమన్నారు, బతికించాడు. ఆ మాట అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

బయ్యర్ల పెద్ద ఉత్సాహంగా పరుగెత్తుకొచ్చాడు. చివర్లో ఎవరో అరిచారే, ఆ వాయిస్ వార్నింగ్ కూడా సిస్టమ్‌లో భాగమేనా అని అడిగాడు.

దశరథం ఊడిపోతున్న మీసాన్ని అదుముకున్నాడు.

"కాదు సార్. అది ఎక్స్‌ట్రా ఫిటింగ్. ఈ జిల్లాల బయట సర్వీస్ దొరకదు."